కాజీపేటలో దిగి మళ్లీ ఎక్కిన వైనం

నిన్న సాయంత్రం సికింద్రాబాదులో కాగజ్‌నగర్ వైపు పోయే బండెక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంబరంలో ఎర్నెస్ట్ క్లైన్ రాసిన ‘రెడీ ప్లేయర్ టూ’ తెరిచాను. 2011లో వచ్చిన మొదటి భాగాన్ని ఒక్క రాత్రిలో పూర్తిచేసినవాణ్ణి. 2020 నాటి ఈ రెండో భాగం మాత్రం నెల రోజులుగా నా సంచిలో ఊరేగుతోంది. ఇందులో జనం ఓఎన్‌ఐ అనే పరికరాన్ని తలకు తగిలించుకొని మెదడుతోనే మాయాలోకంలోకి వెళ్తారు. ఏకధాటిగా 12 గంటలు దాటితే ప్రాణానికే ముప్పు. ఆ లోకాన్ని సృష్టించినవాడి ప్రతిరూపమే అడ్డం తిరిగి, బయటికి వచ్చే దారి మూసేసి, ఏడు ముక్కలు వెతికి తెమ్మంటుంది.

భువనగిరి, జనగామ ఎప్పుడు పోయాయో తెలియదు. ప్రిన్స్ అనే అమెరికా గాయకుడి పేరిట వెలసిన గ్రహం మీద కథానాయకుడు తిరుగుతున్నాడు. రచయితకు పాత పాటల మీద ఉన్న మమకారంలో పావు వంతైనా పాఠకుడి మీద లేదని విసుక్కుంటున్న సమయంలో బండి ఆగింది. ఎదుటి సీటులోని పెద్దమ్మ “బిడ్డా, గీ బియ్యం మూట జర కిందికి దించు” అన్నది. సీటు మీద చేతిరుమాలు పరిచాను. చూపుడువేలిని పేజీల మధ్య నుంచి తీస్తే గ్రహం ఎక్కడ తప్పిపోతుందోనన్న భయంతో, పుస్తకమున్న చేత్తోనే మూటను పొట్టకు హత్తుకొని, ప్లాట్‌ఫారం మీదికి దిగి, ఆమె కాళ్ల దగ్గర భద్రంగా పెట్టాను. “సల్లగుండు బిడ్డా, నువ్వెందాక పోతవు?” అని అడిగింది. “కాజీపేట దాక, పెద్దమ్మా” అని వినయంగా చెప్పి, ఎవరో నా సీటు వైపు చూస్తున్నట్టు అనుమానం రాగా, ఒక్క ఉదుటున మళ్లీ ఎక్కేశాను. బండి కదులుతుంటే ఆమె రెండు చేతులూ ఎత్తి ఏదో అరుస్తోంది. దీవిస్తోందనుకొని నేనూ చెయ్యి ఊపాను.

సికింద్రాబాదు నుంచి కాజీపేట దాకా ఒక్కసారైనా దర్శనమివ్వని టీటీఈ, కాజీపేట దాటగానే నా ముందు వెలిశాడు.

“టికెట్ కాజీపేట దాకనే ఉన్నది కదా సార్, దిగలేదా?”

“దిగిన సార్.”

“మరి?”

“సీటు పోతదని మళ్లా ఎక్కిన.”

ఆయన నవ్వి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. ఎగవేతదారుకైనా పరధ్యానపువాడికైనా కనీస జరిమానా 250 రూపాయలేనట. దానికి అదనపు ఛార్జీ కూడా కలిపి, ముఖం చూడకుండా రసీదు రాసిచ్చాడు. విజయవాడ వైపు బండైతే తర్వాతి స్టేషన్ వరంగలే కాబట్టి పరువు దక్కేది. ఈ దారిలో జమ్మికుంట దాకా పోవలసి వచ్చింది.

అక్కడ దిగేసరికి ఇంటి నుంచి ఫోను. “జమ్మికుంటల మీకేం పని?” అన్న ప్రశ్నకు సిగ్నల్ లేనట్టు నటించి బస్సెక్కాను. ఆ బస్సుకు హనుమకొండే చివరి స్టాపు కాబట్టి, హుజూరాబాద్ దాటాక ధైర్యంగా మళ్లీ పుస్తకం తెరిచాను.