ముఖ్య అతిథి వచ్చేసరికి పులిసే పండుగ

రోమ్ దగ్గర మరీనో అని ఓ చిన్న టౌన్. 1925 నుంచి అక్కడ ద్రాక్ష పండుగ జరుపుతున్నారు. అక్టోబర్ మొదటి ఆదివారం నడిబజార్ల ఫౌంటెన్‌లోంచి నీళ్లకు బదులు వైన్ పారుతుంది. 2008లో పైపులు తారుమారై ఆ వైన్ ఇళ్ల నల్లాల్లోకి మళ్లింది. ఖాళీ బిందెలతో రోడ్డెక్కనక్కర్లేని నల్లా సమస్య ప్రపంచంలో బహుశా అదొక్కటే.

అప్పటినుంచి ఓరుగల్లుకు జరుగుతున్న అన్యాయం తలుచుకుంటే నాకు నిద్ర పడతలేదు. వాళ్లకు ఏడాదికోసారి కోత. మన గౌడన్న రోజూ పొద్దున, మాపు మోకు బిగించి తాడు, అంటే తాటిచెట్టు, ఎక్కుతాడు, గెల కొన సన్నగా చెక్కి కల్లు లొట్టి దించుతాడు. అయినా పండుగ లేదు.

వైన్ రుచి చూడాలంటే గ్లాసు గిర్రున తిప్పాలి, ముక్కు పెట్టి వాసన పీల్చాలి, కళ్లు మూసుకోవాలి. మా జనగామ దిక్కు కల్లు మండువలో తాటాకు రేక మడిచి రెండు చేతుల పట్టుకుంటే చాలు. గౌడన్న లొట్టి వంచుతాడు. నురగ మీది ఈగను ఉఫ్‌మని ఊది, పెద్దమనిషి ఒక్క గుక్క మింగి, "ఇది చెరువుకట్ట మీది తాడు గాదు గదరా! నీళ్లు గలిపినవా?" అంటాడు. ఇంతటి నిపుణుడికి ఏ యూనివర్సిటీ అయినా గౌరవ డాక్టరేట్ ఇచ్చిందా?

అందుకే ఖిలాషాపూర్ కోట దగ్గర కల్లు ఉత్సవం జరపాలని ప్రతిపాదించాను. ఊరేగింపులో మరీనో వాళ్లు 1571 నాటి లెపాంటో యుద్ధ వీరుణ్ణి తిప్పుతారు. మనకు 1708లో వరంగల్ మీద పడ్డ సర్వాయి పాపన్న ఉన్నాడు, పైగా గౌడుల బిడ్డ. ఊళ్లోని పెద్దలంతా శభాష్ అన్నారు.

చిక్కంతా ముఖ్య అతిథి దగ్గర వచ్చింది. మంచి వైన్ ఏళ్ల తరబడి ఆగుతుంది, ఆగినకొద్దీ దాని రేటూ పెరుగుతుంది. పొద్దటి కల్లు మధ్యాహ్నానికే పులుపెక్కుతుంది. పొద్దున ఏడు గంటల సభకు సార్ మధ్యాహ్నం రెండింటికి దిగుతారు. ఆపైన జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వేదిక మీద ఉన్నవాళ్లందరి పేర్లు. సార్ రాకముందే రేకలు పడదామన్నాను. రాజద్రోహం మాట్లాడినట్టు చూశారు. తెల్లారగట్ల సార్‌నే తాడు కిందికి తీసుకొద్దామంటే, ఆయన పీఏ ఫోన్ పెట్టేశాడు.

చివరికి కల్లు లేకుండానే కల్లు ఉత్సవం జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. వేదిక మీదికి కూల్‌డ్రింకులు. ఫ్లెక్సీలకు అడ్వాన్స్ కూడా ఇచ్చారు.