గౌరవ నటనా పురస్కారం వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవ గౌరవ నటనా పురస్కారం వారికి విజయనగరం గంటస్తంభం దగ్గర నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమ తమ్ముడు ఉత్తమ నటుడికీ, చెల్లెలు ఉత్తమ నటికీ పాపం జ్యూరీ సినిమాలన్నీ చూస్తేగానీ ఎవరింటికెళ్లాలో తెలీదు. బెర్లిన్ చిత్రోత్సవంలోనైతే 2021లో ఆ ఇద్దర్నీ రద్దుచేసి, ఆడామగా తేడా లేకుండా ప్రధాన నటనకొకటి, సహాయ నటనకొకటి ఇస్తున్నారు. తమ జోలికెవరూ రాలేదు. తమ దగ్గర ఓడినవాడు లేడు, అలిగేవాడూ లేడు. స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ ఉత్సవంలో 1986లో హాలీవుడ్ నటుడు గ్రెగరీ పెక్‌తో డొనోస్తియా అనే గౌరవ పురస్కారం మొదలెట్టినా, 2022లో గోవా చిత్రోత్సవంలో చిరంజీవి గారిని ఆ ఏటి భారతీయ సినీ ప్రముఖుడన్నా, ఎందుకిచ్చారని అడిగే పనే లేదు.

చిక్కల్లా తమరు చిన్న ఊళ్ల ఉత్సవాలకు దయచేసినప్పుడే. అక్కడ ముందు తేదీ, తర్వాత ప్రతిభ. ఎవరి కాల్షీటు ఖాళీయో తేలాక విశాఖకు విమానం టికెట్టు, అది చేతికొచ్చాక ప్రశంసాపత్రం. 'నవరసాలూ అలవోకగా పండించిన' అన్న ముక్క ముందే టైపయ్యుంటుంది, పేరు దగ్గర మాత్రం చుక్కలు. జ్ఞాపిక మీద పేరు పలకను మేకులతో బిగించరు, రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తారు. అతిథి మారితే గోటితో లేపెయ్యొచ్చు.

మా జిల్లాల వైపొస్తే మర్యాదకు లోటుండదు. జ్ఞాపికగా బొబ్బిలి వీణ బొమ్మ, భుజానికి పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి, చేత్తో వడికి నేసిన బట్టండీ అది! ఫొటో అయ్యేదాకా భుజమ్మీద, ఆనక కుర్చీ వెనక.

అసలు దెబ్బ సినిమాకి. ఉత్సవానికొచ్చే సినిమా డీసీపీగా, అంటే హాలు డిజిటల్ ప్రొజెక్టరు కోసం చేసిన ఫైళ్ల మూటగా, చాలాసార్లు తాళం వేసే వస్తుంది. తాళంచెవి కేడీఎం అనే చిన్న ఫైలు. అది ఆ హాల్లోని ఆ సర్వరుకే పనిచేస్తుంది, అదీ ఇంత గంట నుంచి ఇంత గంటదాకానే. ఫైల్లో టైము సాధారణంగా గ్రీన్‌విచ్ లెక్కన ఉంటుంది. చేసినవాడు మన ఐదున్నర గంటల తేడా మర్చిపోతే ఉదయం పదికి తెరుచుకోవాల్సింది మధ్యాహ్నం మూడున్నరకి తెరుచుకుంటుంది. అది సరిచూసుకున్నా తమరున్నారుగా. సన్మానానికి పదిహేను నిమిషాలని కార్యక్రమం కాగితంలో రాసుంటుంది. మూడు నిమిషాల క్లిప్పింగులు ఆడాక వేదిక మీది పదకొండుమందీ శాలువాకు తలో కొసా పట్టుకోవాలంటారు. ఆటకు గంట సేపటి వెసులుబాటుతో చెవి తెప్పించినా, అందులో యాభై నిమిషాలు తమకే నైవేద్యం. ఆట మొదలయ్యాక గడువు దాటితే సర్వరు సాధారణంగా ఊరుకుంటుంది, మొదలుకాకముందే దాటిందో, తెర తెల్లగానే ఉంటుంది. కొత్త చెవికోసం దాన్ని చేసిచ్చే ల్యాబుకి మెయిలు పెట్టాలి. అక్కడ అర్ధరాత్రయితే అంతే సంగతులు.

పోనీ సినిమా అయ్యాక వేంచేయండి అందామా, అతిథికి విమానం టైమైపోతుంది. సన్మానం అవ్వగానే ముందు మూడు వరుసలూ ఆయన వెనకాలే లేచిపోతాయి. "ఏటి బాబూ, బొమ్మెయ్యరా?" అనేది వెనక వరుసే. 1892లో కన్యాశుల్కం తొలిసారి ఆడిన ఊరు మరి, నటనంటే ఏమిటో చూసిపోదామని వాళ్లు కూర్చునే ఉంటారు.

చిత్తగించవలెను.

తా.క.: ప్రశంసాపత్రం ఫ్రేముకు అద్దం వద్దు, ఫ్లాషు పడి ఫొటోలో పేరు కనబడదు. శాలువా మడతలో ధర చీటీ ఉంటుంది, కప్పకముందే తీయించగలరు.