ఆక్సిజన్ డబ్బా గారి సముఖమునకు

మహారాజశ్రీ ఆక్సిజన్ డబ్బా గారికి, గుంటూరు బ్రాడీపేట నుంచి ఇంటర్ సెకండియర్ కుర్రాడి తండ్రి రాయునది. ఉభయకుశలోపరి.

ముక్కుకు పెట్టుకుని నొక్కి పీల్చే డబ్బాగా తమరు మా ఇంటికొచ్చి పదకొండు రోజులు. ఆరు వందల యాభై పోసి తెచ్చింది నేనే. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఉత్సాహం అని ఒంటినిండా రాసుకుని కనిపించారు మరి! సరస్వతీదేవి కూడా ఇన్ని వరాలు ఒకేసారి ఇవ్వదు. మా ఆవిడ మిమ్మల్ని దేవుడి గదిలో పెట్టి బొట్టు పెట్టింది. మంటకు దూరంగా ఉంచమని మీ మీదే ఉంది కాబట్టి హారతి ఒక్కటే తప్పింది.

మావాడు నాలుగుసార్లు పీల్చి ఇంటిగ్రేషన్ లెక్క ముందు కూర్చున్నాడు. లెక్క కదల్లేదు. వాడూ కదల్లేదు.

అప్పుడు లెక్క నేను వేశాను. మీ పొట్టలో ఉన్నది 10 లీటర్లు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. అంటే తమరు రెండు నిమిషాల చుట్టం కూడా కాదు. ఆక్సీమీటర్ (కరోనాలో కొన్నది, ఇన్నాళ్లకు బయటికి తీశాం) మావాడి వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ 98 శాతం నిండి ఉన్నట్టు చూపించింది. పొద్దున్నే విజయవాడ వెళ్లే బస్సులా, రక్తంలో మిమ్మల్ని మోసే హిమోగ్లోబిన్ ముందే కిక్కిరిసి ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తం దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంటే, అచ్చంగా మిమ్మల్నే పీల్చినా అదనంగా ఎక్కేది రెండు. అదీ ఫుట్‌బోర్డు మీద. పైగా మీరు ఎక్కువైతే మెదడులో రక్తనాళాలు బిగుసుకుని రక్తప్రవాహమే తగ్గుతుంది. పిలవని చుట్టాన్ని చూసి తలుపు ఓరగా వేసుకున్నట్టు.

మీ పక్షాన ఒక మాట: కొన్ని ప్రయోగాల్లో ఆక్సిజన్ పీల్చినవాళ్లు మాటల జాబితాలో కొన్ని ఎక్కువ గుర్తుపెట్టుకున్నారట, కాసేపు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) మాత్రం మూడు గంటలండీ.

1774లో మిమ్మల్ని కనిపెట్టిన ఇంగ్లండు శాస్త్రవేత్త ప్రీస్ట్లీ దొర, ఎలుకల తర్వాత తానే పీల్చి ఛాతీ తేలికైందని మురిశాడు. ముందుముందు ఇది విలాసవస్తువు అవుతుందేమో అనీ రాశాడు. మా ఇంట్లో తేలికైంది జేబు.

మీ పెద్దన్న సిలిండర్ గారి మీద మాత్రం నాకు జోకులు రావు. 2021లో మా బావ కోసం ఆయన ముందు రాత్రంతా లైనులో నిలబడ్డాను. ఊపిరి అందనివాడికి ఆయనే దేవుడు. ఆయన్నీ డాక్టర్లు కొలిచే ఇస్తారు. మోతాదు మించి రోజుల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నెలలు నిండని పిల్లలకు ఒకప్పుడు అలాగే చూపు పోయింది.

అసలు సంగతి చెప్పేస్తాను. మావాడి స్టడీ అవర్ గదిలో డెబ్బై మంది, ఒక ఏసీ, మూసిన కిటికీలు. ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీల్చుకుంటూ రాత్రి తొమ్మిదింటిదాకా ఆవులింతలు. ఒక్క కిటికీ తీయించండని కాలేజీవాళ్లని అడిగితే, "చల్లదనం పోతుందండీ" అన్నారు. ఫీజు అప్పటికే కట్టేశాను. ఆ కిటికీ తీయించలేకే మిమ్మల్ని కొన్నాను.

ఇప్పుడు తమలో ఏమీ లేదు. నొక్కితే చప్పుడు కూడా రావడం లేదు. అయినా రిజల్ట్స్ వచ్చేదాకా దేవుడి గదిలోంచి కదపడానికి వీల్లేదని మా ఆవిడ ఆజ్ఞ.

ఇట్లు,
తమ విధేయుడు