బాడీ ఎందుకు, హెడర్ ఉండగా?

ఒక ప్రోగ్రాం నెట్ మీద ఇంకో ప్రోగ్రాంకు పంపే వెబ్ ఏపీఐ రిక్వెస్టులో పైన పేరు-విలువ లైన్లు (హెడర్లు), కింద అసలు డేటా (బాడీ) ఉంటాయి. అందులో బాడీ అనేది పాతకాలపు ఆడంబరమని మా హన్మకొండ ఆఫీసులో తేల్చేశాం. కస్టమర్ పేరు, అడ్రసు, ఆర్డర్, డిస్కౌంట్, ఆ డిస్కౌంట్ ఎందుకిచ్చామో సంజాయిషీ, అన్నీ ఇక కస్టమ్ హెడర్లలోనే పోతాయి. దీనికి శాస్త్రీయ కారణం ఉంది. బాడీలో ఒక్క ఫీల్డు చేర్చాలంటే స్కీమా (ఫీల్డుల నమూనా) మార్చాలి, డాక్యుమెంట్ రాయాలి, మొబైల్ టీమును మీటింగుకు పిలవాలి. వాళ్లు రారు. హెడరైతే ఒక్క లైను, ఎవరికీ చెప్పక్కర్లేదు.

కొందరు చాదస్తులు ఎనుమాముల మార్కెట్‌ను చూడమంటారు. మిర్చి బస్తా మీద లాట్ చీటీ ఉంటుంది, హమాలీకైనా అడ్తిదారుకైనా బస్తా ఎటు పోవాలో అది చాలు, మిర్చి మాత్రం లోపలే ఉంటుంది అని వాళ్ల వాదన. అలాగే టోకెన్ (పంపేవాడి గుర్తింపు), ట్రేస్ ఐడీ (రిక్వెస్టు జాడ పట్టే నంబరు) లాంటివి దారిలో ప్రాక్సీలు, లోడ్ బ్యాలెన్సర్లు అనే మధ్య సర్వర్లు చూడాలి కాబట్టి హెడర్‌లో, అసలు సరుకు బాడీలో ఉండాలట. మరి మిర్చంతా చీటీకే అతికిస్తే బస్తా ఖర్చు మిగలదా? దీనికి జవాబు లేదు.

హెడర్‌తో భాషాసేవ కూడా జరుగుతుంది. ‘వరంగల్’ అని తెలుగులో రాస్తే కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. హెడర్‌లో ఆస్కీ (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) దాటితే నమ్మకం లేదు గనుక ఒక్కో బైటును %తో మొదలయ్యే మూడక్షరాలుగా రాసే పర్సెంట్ ఎన్‌కోడింగ్ చేస్తాం, 54 అక్షరాలవుతుంది. ఊరు ఎదగట్లేదని ఎవరన్నారు?

పేర్ల విషయంలో మేం సంప్రదాయవాదులం. కొత్త హెడర్లకు ముందు ‘ఎక్స్-’ తగిలించొద్దని ఇంటర్నెట్ పద్ధతుల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6648 చెప్పింది 2012లో. పెద్దలు పెట్టిన ఆచారాన్ని ఒక కాగితం చూసి వదిలేస్తామా? ఇంకొందరు పేరులో అండర్‌స్కోర్ పెడతారు. ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్, సెట్టింగ్ మార్చకపోతే, అలాంటి హెడర్‌ను చప్పుడు లేకుండా పక్కన పడేస్తుంది. ఎర్రర్ రాదు కాబట్టి బగ్ కూడా లేనట్టే. ఇక బ్రౌజర్ నుంచి వేరే డొమైన్‌కు పంపితే, ప్రతి కొత్త హెడర్ పేరునూ సర్వర్ అనుమతుల జాబితాలో చేర్చాలి. అంటే మళ్లీ మీటింగే, కానీ అది వేరే టీముది.

న్యాయంగా చెప్పాలంటే, అవతలి వర్గం మాకేం తీసిపోలేదు. వాళ్లు టోకెన్‌ను కూడా బాడీలోకి తోసి, సమాచారం అడిగి తెచ్చుకోవడానికి వాడే గెట్ రిక్వెస్టుకూ ఒక బాడీ కట్టారు. దానికి సాధారణంగా నిర్వచించిన అర్థమేమీ లేదని, కొన్ని సర్వర్లు రిక్వెస్టునే తిప్పికొట్టవచ్చని 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 అంటుంది. చదివినవాళ్లు ఏ వర్గంలోనూ లేరు.

మొన్న కొత్తగా చేరిన తమ్ముడొకడు అడిగాడు: “అన్నా, ఒక్క ఆర్డర్ల నూటయాభై ఐటెమ్స్ ఉంటే ఎట్ల?”

ఐటెమ్‌కో హెడర్ అన్నాను. అపాచీ వెబ్ సర్వర్ డిఫాల్టుగా 100 హెడర్లనే రానిస్తుంది. హోస్ట్, టోకెన్, కుకీ వగైరా పోను ఎనభైకి తక్కువ మిగలవు. ఎనభై దాటి కొనేవాడు ఎలాగూ బేరమాడతాడు, అలాంటి కస్టమర్ మనకెందుకు?