సవరణ: ఎరుపులో ఆకుపచ్చ కలిపే ముందు
గుంటూరు మిర్చి యార్డులో ఎండుమిరప కుప్పల్ని ఆక్రిలిక్ రంగుల్లో వేయడం గురించి మొన్న రాస్తూ, ఎరుపు మరీ కొట్టొచ్చినట్టుంటే కాస్త ఆకుపచ్చ కలపమన్నాను. ఆ మాటకు ఇంకొంత వివరం అవసరం.

విరిడియన్ ఆకుపచ్చ ట్యూబులోంచి తీస్తే బాగా ముదురుగా ఉంటుంది. కాడ్మియం ఎరుపులో అది పడగానే రంగు ఘాటు తగ్గుతుంది, నిజమే. కానీ వాల్యూ, అంటే రంగు ఎంత లేతగా లేదా ముదురుగా ఉందన్నది, కూడా పడిపోతుంది. ఎండలో ఉండాల్సిన కుప్ప నీడలోకి వెళ్లిపోతుంది. బొమ్మకు ఇది పెద్ద దెబ్బ.

అందుకని ముందు తెలుపు, నలుపు కలిపి ఆ ఎరుపంత వాల్యూ ఉన్న బూడిద రంగు చేసుకోండి. అది నీలం వైపు లాగుతుంది కాబట్టి రవ్వంత అంబర్ (umber, మట్టి గోధుమ రంగు) వేయండి. దాన్ని ఎరుపు పక్కనే, అంచులు తాకేలా పూసి, కళ్లు చికిలించి చూడండి. రెండింటి మధ్య గీత దాదాపు మాయమైతే కుదిరినట్టే. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో కూడా పనికొస్తుంది గానీ, ఘాటైన ఎరుపు దగ్గర దాన్ని పూర్తిగా నమ్మొద్దు.

ఇక ఆకుపచ్చకు బదులు ఆ బూడిదను ఎరుపులో ఎంత కలిపినా ఘాటు తగ్గుతుందే తప్ప వాల్యూ పెద్దగా కదలదు. ఆక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది, కాబట్టి పోల్చేది ఆరిన తర్వాతే.