మెస్సీ కూడా నడుస్తాడు బావూ!

ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డో రోజూ పరగడుపున కాకరకాయ రసం తాగుతాడట, చిటికెడు పసుపు కలుపుకుని. ఈ సంగతి పోర్చుగల్‌లో ఎవరికీ తెలియదు. ఆయనకు వండిపెట్టేవాళ్ళకీ తెలియదు. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో మాత్రం ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. "1985లో పుట్టినవాడు ఇంకా గోల్స్ ఎలా కొడుతున్నాడు?" అని మొదలై "పదిమందికి పంపండి" అని ముగిసే ఆ మెసేజ్ చుట్టాల గ్రూపులోంచి, అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి, చివరికి భజన సమాజం గ్రూపులోంచి కూడా నా మీద పడింది.

2021 యూరో కప్పు ప్రెస్‌మీట్‌లో ఆయన తన ముందున్న కోకా కోలా సీసాలు పక్కకు జరిపి నీళ్ళ సీసా ఎత్తి చూపించిన మాట నిజమే. అయితే ఆ వీడియో మహేంద్రతనయ నది దాటి మా ఊరు చేరేసరికి ఆ సీసాలో ఉన్నవి మెంతుల నీళ్ళని తేలిపోయింది.

పాతకాలపు ఇంగ్లండ్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్ కథ తెలిశాక మావాళ్ళకు మరీ పూనకం వచ్చింది. ఆయన 1965లో ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో, అంటే అప్పటి అక్కడి పై లీగులో, ఆఖరి మ్యాచ్ ఆడేనాటికి వయసు 50 ఏళ్ళ 5 రోజులు. సిగరెట్టు లేదు, మందు లేదు, మాంసం మానేశాడు, పైగా సోమవారం ఉపవాసం. ఇంకేం కావాలి? "శివభక్తుడు బావూ!" అని మా వీధి రిటైర్డ్ హెడ్మాస్టారు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ర్యాన్ గిగ్స్ తొడ వెనక కండరాలు పదేపదే పట్టేస్తుంటే యోగాలోకి దిగి నలభై ఏళ్ళదాకా ఆడాడు కాబట్టి అది కూడా మన ఖాతాలోకే. మన దేశపు ఆటగాడు సునీల్ ఛెత్రి 2024లో దేశం తరఫున ఆట మానేసి, 2025లో తిరిగొచ్చి, మాల్దీవుల మీద గోల్ కొట్టాడు. పుట్టింది సికింద్రాబాద్‌లో గనక అదంతా తెలుగు నీళ్ళ మహిమ.

ఇంత విజ్ఞానం ఉన్న ఊళ్ళో క్రీడాస్ఫూర్తికి కొదవేముంటుంది! జనవరి 26న నలభై దాటినవారి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది. తప్పక చూడాల్సిన ఘట్టం. వీపు మీద పేర్లు అచ్చేసిన కొత్త జెర్సీల్లో ఇరవై ఇద్దరూ వార్మప్‌గా ముందు సెల్ఫీలు దిగుతారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, ఆరోగ్యమే మహాభాగ్యమని ఒడియాలో సెలవిస్తారు. ఎదుట కూర్చున్నవాళ్ళలో సగంమంది తెలుగువాళ్ళని గుర్తొచ్చి మళ్ళీ తెలుగులో సెలవిస్తారు. ఈలోగా ఉప్మా వస్తుంది. ఆరోగ్యం మీద ప్రసంగం సాగుతుండగానే రెండో విడత ఉప్మా కూడా వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, బంతిలో గాలి లేదని. పంపు సైకిల్ షాపులో ఉంది, సూది ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

ఎలాగో గాలి కొట్టాక ముఖ్య అతిథి కాలెత్తి తంతారు. చెప్పు వెళుతుంది, బంతి వెళ్ళదు. ఫొటోగ్రాఫరు "ఇంకోసారి సార్" అంటాడు. మూడో ప్రయత్నంలో బంతి కాస్త కదిలితే చప్పట్లు. ఆట మొదలు. ఒక గోల్‌కీపరు స్తంభానికి ఆనుకుని ఫోన్లో చిట్టీ పాట గురించి మాట్లాడుతుంటాడు. రెండో ఆయన ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకున్నాడు, మోకాళ్ళ నొప్పులు. రిఫరీ ఎవరిదో బావమరిది. ఆయన ఆఫ్‌సైడని, అంటే ఆ గోల్ చెల్లదని, ఊదితే "ఆఫ్‌సైడేటిరా, మీ అక్క పెళ్ళికి పెట్టుబడి పెట్టింది నేను" అని వినబడుతుంది, గోల్ ఒప్పుకోవాల్సి వస్తుంది. పది నిమిషాలకు అందరూ నడకలో పడతారు. "కాస్త పరిగెత్తండి మావయ్యా" అన్నాను ఒకాయనతో. "మెస్సీ కూడా నడుస్తాడు బావూ!" అన్నాడు, రొప్పుతూనే.

నడుస్తాడు, కాదనను. మెస్సీ నడిచేది ఖాళీ ఎక్కడుందో చూసుకోడానికి, మావయ్య నడిచేది ఉప్మా ఇంకా మిగిలిందో లేదో చూసుకోడానికి.

ఇంతకీ వయసు మళ్ళాక కూడా ఆడే ఆ రహస్యం రహస్యమేం కాదు. ముప్పైల్లో పడ్డాక కండ తరగడం మొదలవుతుంది, అందులోనూ మెరుపులా పరుగందుకునే కండ ముందు పోతుంది. దాన్ని ఆపడానికి బరువులెత్తిస్తారు. మోకాళ్ళ మీద నిలబెట్టి, చీలమండలు వెనక ఒకడు గట్టిగా పట్టుకుని ఉండగా, ఒళ్ళు మెల్లమెల్లగా ముందుకు వాల్చమంటారు. నోర్డిక్ అంటారు ఈ కసరత్తుని. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది గానీ, తొడ వెనక కండరాల గాయాలు దీనితో సగానికి సగం తగ్గుతాయి. జెర్సీ కింద జీపీఎస్ పరికరం కట్టి ఎంత పరిగెత్తాడో లెక్క తీస్తారు. లెక్క మించితే మర్నాడు విశ్రాంతి. నిద్రకూ లెక్కే. వయసు మళ్ళినవాణ్ణి రెక్క మీంచి, అంటే మైదానం అంచు నుంచి, మధ్యలోకి జరుపుతారు, అరవయ్యో నిమిషంలో బయటికి పిలుస్తారు. ఇదంతా చూసుకోడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. కాకరకాయ వాళ్ళ వంటింట్లో ఉంటే ఉండొచ్చు.

2017 ఏప్రిల్‌లో స్వీడన్ ఆటగాడు ఇబ్రహిమోవిచ్ మోకాలి లిగమెంటు తెగింది. అప్పటికి 35 ఏళ్ళు. అమెరికా తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు, నవంబరుకల్లా మళ్ళీ ఆడించారు. 41 ఏళ్ళ వయసులో, 2023లో, తీరిగ్గా రిటైరయ్యాడు.

మా మైదానంలో ఎడమ రెక్క మీద ఆడిన సవర కుర్రాడికి తెగింది కూడా మోకాలి లిగమెంటే. కొండ మీది ఊరి నుంచి దిగొచ్చి ఆడేవాడు. వాడు బంతి అందుకున్నాడంటే టీకొట్టు ముందు బేరాలు ఆగిపోయేవి. ఎగ్జిబిషన్‌వాళ్ళు దుకాణాలు పీకేసి పోతూ పూడ్చకుండా వదిలేసిన గుంతలో కాలు పడింది. "బెణుకు" అన్నారు. కట్టు కట్టే ఆయన దగ్గరికి మోసుకెళ్ళి పసరు కట్టించారు. స్కానింగంటే బరంపురమో శ్రీకాకుళమో పోవాలి, డబ్బెవరిస్తారు? సన్మానమైతే చేశారు. శాలువా, స్టీలు కేరేజీ ఇచ్చారు. ఇరవై రెండేళ్ళకే వాడు మాజీ ఆటగాడు! ఇప్పుడు సూరత్‌లో పవర్‌లూమ్ దగ్గర పన్నెండు గంటలు అదే కాలి మీద నిలబడుతున్నాడు. 2022లో భువనేశ్వర్‌లో ఆడపిల్లల అండర్-17 ప్రపంచకప్పు మ్యాచ్‌లు జరిపిన రాష్ట్రమిది. జిల్లా కేంద్రంలో మోకాలు పట్టి చూసేవాడు ఒక్కడు లేడు. మైదానాన్ని ఎగ్జిబిషన్‌కి అద్దెకిచ్చిన డబ్బు ఏమైందని అడిగితే, "నీకెందుకోయ్ రాజకీయాలు" అంటారు. ఎందుకంటే వాడి కాలు పోయింది కాబట్టి, అద్దె తిన్నవాళ్ళ కాళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి! రొనాల్డో ఏం తాగుతాడో కనుక్కున్న ఈ మహానుభావుల్లో, మనవాడు ఏం తింటున్నాడని ఏనాడైనా అడిగినవాడున్నాడా?

పోయిన నెల క్లబ్బు మీటింగులో లేచి, జెర్సీలు, శామియానా, ఉప్మా ఈ ఒక్క ఏడాదికి మానేసి, వారానికో రోజు ఫిజియోథెరపిస్టుని పిలిపిద్దామన్నాను. పిల్లల కాళ్ళు చూపిద్దాం, గుంతలు పూడ్పిద్దాం అన్నాను. చాలా మంచి ఆలోచన అన్నారు, మినిట్స్ బుక్కులో రాసుకున్నారు. తర్వాత అసలు అజెండా తీసి, వచ్చే ఏడాది జెర్సీ రంగు మెరూన్ అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఫిజియోథెరపిస్టు సంగతి మాత్రం సబ్ కమిటీకి వెళ్ళింది. దాని చైర్మన్ కుర్చీ తెప్పించుకున్న గోల్‌కీపరు గారు.