ఈశాన్యంలో సంపు, సిలబస్‌లో నైరుతి

మా తమ్ముడి కూతురు ఏడో తరగతి. సోషల్ యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చారు, మీ ప్రాంతంలో వర్షాలు ఎక్కువగా ఏ నెలల్లో కురుస్తాయి అని. పిల్ల నెల్లూరులో పుట్టింది, నెల్లూరు వానలోనే తడిసింది, కాబట్టి అక్టోబర్, నవంబర్ అని రాసింది. ఇంటు కొట్టారు. మామూలు ఇంటు కూడా కాదు, ఎర్ర ఇంకు కాగితం వెనక్కి దిగింది. పక్కనే సరైన జవాబు కూడా రాశారు పాపం: జూన్ నుంచి సెప్టెంబర్, నైరుతి రుతుపవనాలు.

స్కూలును తప్పు పట్టడానికి లేదు. మెటీరియల్‌లో అలాగే ఉంది. మెటీరియల్ ఎక్కడో అచ్చయింది, ఆ అచ్చయిన ఊళ్ళో జూన్‌లో వాన పడుతుంది, మనకు పడకపోతే అది మన ఆకాశం లోపం. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యలోనే పడుతుంది. నైరుతి గాలులు పశ్చిమ కనుమల దగ్గరే సరుకు దించేసి మన దాకా ఖాళీ లారీల్లాగా వస్తాయి, తర్వాత బంగాళాఖాతం మీద తేమ ఎత్తుకుని ఈశాన్యం నుంచి వచ్చే గాలే మన చెరువులు నింపుతుంది. ఈ మాట కోవూరులో ఏ రైతును అడిగినా చెబుతాడు, కానీ రైతుకు పేపర్లు దిద్దే అధికారం లేదు కదా. అన్నట్టు, నవంబర్‌లో "భారీ వర్షాల కారణంగా రేపు పాఠశాలకు సెలవు" అని మెసేజ్ పంపేది కూడా ఈ స్కూలే. సెలవు ఆఫీసు వాళ్ళు ఇస్తారు, ఇంటు సోషల్ వాళ్ళు కొడతారు, డిపార్ట్‌మెంట్లు వేరు.

అందుకని భూగోళశాస్త్రంలో మౌలిక భావనలను మా జిల్లా ఎలా బోధిస్తున్నదో కాస్త శాస్త్రీయంగా పరిశీలించాను. మొదటి భావన దిక్కులు.

క్లాసు రూము ఏసీ. ఏసీ కాబట్టి కిటికీలు తెరవరు, అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించారు, పైన పరదా. ఈ గదిలో సార్ నిలబడి "సూర్యోదయం వైపు ముఖం పెట్టి నిలబడితే ఎదురుగా తూర్పు, వెనక పడమర, ఎడమ చేతి వైపు ఉత్తరం" అని చెప్పి, అందరూ లేచి తూర్పుకు తిరగండి అన్నారట. నలభై మంది లేచారు. సూర్యుడు లేడు. కొందరు ట్యూబ్‌లైట్ వైపు తిరిగారు, వెలుతురు అటే ఉంది కాబట్టి. ఇద్దరు ఏసీ వైపు వేలు చూపించి, చల్లగా ఉంది, హిమాలయాలు అటే, కాబట్టి అది ఉత్తరం అని లెక్క తేల్చారు (వీళ్ళకి నేనైతే పది మార్కులు ఎక్కువే వేస్తాను). గొడవ ముదిరితే సార్ బోర్డు వైపు తూర్పు అని తీర్పు ఇచ్చారు. బాగుంది. అయితే ఎదురు గదిలో బీ సెక్షన్‌కి బోర్డు అవతలి గోడకు ఉంది, వాళ్ళకూ అదే సూత్రం. ఆ విధంగా ఒకే వరండాకి అటూ ఇటూ రెండు తూర్పులు వెలిశాయి. మరి ఉత్తరం ఎక్కడుందని మా పిల్లను అడిగాను. ఫ్యాన్ వైపు చూపించింది. మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది, మ్యాపు గోడకు వేలాడుతోంది, పైన ఉన్నది ఫ్యాను. ఇందులో తప్పు పట్టండి చూద్దాం.

పిల్లలను అనడం దేనికి, పెద్దవాళ్ళకు దిక్కులన్నీ కంఠతా వచ్చు. ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో మాస్టర్ బెడ్‌రూం. ఈశాన్యం అరడుగు తగ్గిందని కట్టిన గోడ పగలగొట్టించిన మహానుభావులు మా వీధిలోనే ఉన్నారు. ఆ సంపులోకి వచ్చే నీళ్ళు కూడా ఈశాన్యం నుంచే వస్తున్నాయని మాత్రం వీళ్ళలో ఒక్కరికీ తట్టదు.

రెండో భావన అక్షాంశాలు, రేఖాంశాలు. "ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు" అని పిల్లలు నిద్రలో కూడా చెబుతారు. నెల్లూరు దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల మీద ఉంది, ఒంగోలు పదిహేనున్నర మీద ఉంది, రెండూ ఇంచుమించు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదే ఉన్నాయి. అంటే అమ్మమ్మగారి ఊరికని పినాకిని రైల్లో ఒంగోలు పోయొచ్చే పిల్ల ఒక డిగ్రీ అక్షాంశం మొత్తం పల్లీలు తింటూ దాటేస్తోంది, ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదకి వస్తాడు. ఈ రెంటి మధ్య రోజుల్లో మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. అదీ గడియారంలో పన్నెండు కొట్టాక ఇంకో పది నిమిషాలకు అటూ ఇటూగా, ఎందుకంటే దేశం టైమంతా కాకినాడ వైపు పోయే 82½ డిగ్రీల రేఖదీ, మనది కాదు. ఇది చూడటానికి ఒక కర్ర, కాస్త ఎండ చాలు. ఎండకు మనకేం కరువు? రెండు వేల రెండొందల ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో మధ్యాహ్నపు నీడ కొలిచి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. మనవాళ్ళు ఆయన్ని కూడా బిట్టు చేసేశారు, భూగోళశాస్త్ర పితామహుడు ఎవరు, ఆప్షన్ బి. కర్ర పాతడానికి గ్రౌండ్ లేదు, ఉన్నచోట బస్సులు పెట్టారు, సోషల్ పీరియడ్‌ను ఐఐటీ ఫౌండేషన్ మ్యాథ్స్ తీసేసుకుంది.

మూడోది స్కేలు. దీన్ని మాత్రం స్కూలు కంటే రియల్ ఎస్టేట్ వాళ్ళు బాగా నేర్పుతున్నారు. బ్రోచర్ మ్యాపులో కిలోమీటర్లు ఉండవు, నిమిషాలే ఉంటాయి. హైవేకి అయిదు, కృష్ణపట్నం పోర్టుకి పదిహేను, ఏ బండి మీదో అడక్కూడదు. ఉత్తరం బాణం గుర్తు కొనేవాడి ఇష్టాన్ని బట్టి తిరుగుతుంది, అందుకే అన్ని ప్లాట్లూ ఈస్ట్ ఫేసింగే. ఆ మ్యాపులో అన్నీ ఉంటాయి, గుడి, పార్కు, రాబోయే ఇంటర్నేషనల్ స్కూలు. చెరువు నిండితే కలుజు నుంచి మిగులు నీళ్ళు పోయే కాలవ మాత్రం ఉండదు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2021 నవంబర్‌లో (మెటీరియల్ ప్రకారం వాన పడకూడని నెల) కడప జిల్లాలో, పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పెన్నా పొంగి సోమశిల డ్యామ్ దాటి నెల్లూరు మీదికి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే తెగిపోయింది, ఒడ్డు పక్క కాలనీల్లో జనం మేడలెక్కారు. ఎక్కడో పైన పడిన వాన మన గడపలోకి ఎందుకొస్తుందో చెప్పే పాఠం పేరు పరీవాహక ప్రాంతం. రెండు మార్కుల ప్రశ్న, ఛాయిస్‌లో వదిలేయమని చెబుతారు. వదిలేసినవాళ్ళే పెద్దయ్యాక నది పోరంబోకులో లేఅవుట్ వేస్తున్నారు, వదిలేసినవాళ్ళే దానికి సంతకం పెడుతున్నారు, వదిలేసినవాళ్ళే అప్పు చేసి కొంటున్నారు, మునిగేది మాత్రం ఆ మూడోవాడొక్కడే. సిగ్గుండాలి. కనిగిరి వైపు పోతే భూగర్భ జలాల పాఠానికి బోర్డు కూడా అక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి గారపట్టిన పిల్లల పళ్ళే చాలు, అయినా అక్కడా ఆ పాఠాన్ని ఖాళీలు పూరింపుముగానే చెబుతారు.

మొన్న ఒకాయన ఫోన్ చేశాడు, పెన్నా ఒడ్డున రివర్ వ్యూ ప్లాట్లు, లాస్ట్ రెండే మిగిలాయి సార్ అని. నీళ్ళొస్తాయా నాయనా అని అడిగాను. "మీకా టెన్షనే వద్దు సార్, బోరేస్తే ఇరవై అడుగులకే" అన్నాడు.